రెండు వందల వస్తువులతో తొట్టి ఇల్లు: ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లో చిత్తూరు వైపు ఇంటిని కట్టుకోవడం

వేపచెట్టు నీడ (తిరుపతి)

ఈ వేదికలో అందరికీ నమస్కారం. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ అనే ఈ ఆటను, అంటే చాలామంది ఇంటర్నెట్‌లో కలిసి ఆడే ఆటను, నేను మూడేళ్ళుగా ఆడుతున్నాను కానీ, ఇల్లు అలంకరించే పనిలోకి ఈ ఏడాదే దిగాను. కార్వేటినగరం దగ్గర పల్లెలో మా అమ్మ పుట్టిల్లు ఒక తొట్టి ఇల్లు. నాలుగు వైపులా పెంకుల వసారాలు, నడుమ ఆకాశం కనిపించే తొట్టి, వీధి వాకిలికి రెండు పక్కలా తిన్నెలు, వెనుక పెరడు ఉండేవి. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఆ ఇంటిని పడగొట్టి మా మామ అదే స్థలంలో రెండంతస్తుల మిద్దె వేయించాడు. దూలాలకు చెదలు పట్టి, ప్రతి వానకూ పెంకులు సర్దలేక విసిగిపోయిన మనిషిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. ఆ ఇంటిని ఆటలోనైనా మళ్ళీ కట్టుకోవాలని మాత్రం ఉంది.

ఆటలోని సెంటినెల్ అనే ఎడారి నగరంలో నాకు రెడ్‌గార్డ్ అనే జాతివారి శైలిలో మధ్యస్థ గృహం ఒకటి ఉంది. ఆటకు నెలనెలా చందా కట్టడం లేదు కనుక ఆ ఇంట్లో నేను పెట్టుకోగల వస్తువుల పరిమితి 200. ఇప్పటికే మంచాలు, బల్లలు, అల్మరాలు, తివాచీలు, గిన్నెలు, దీపపు స్తంభాలు అంటూ 140 పెట్టేశాను. తీరా చూస్తే అది ఇల్లులా లేదు, సామాను దించిన గోదాములా ఉంది. మిగిలిన 60 వస్తువులతో తొట్టి, దాని చుట్టూ కప్పు కట్టగలనా? లేక చందా కట్టి పరిమితిని పెంచుకోవడమే దారా? అనుభవజ్ఞులు చెప్పగలరు.

స్వర్ణముఖి (శ్రీకాళహస్తి)

స్వాగతం. ముందుగా లెక్క స్పష్టంగా చెప్పుకుందాం, ఎందుకంటే ఈ వేదికలో నూటికి తొంభై ప్రశ్నలు చివరకు ఆ లెక్క దగ్గరికే వస్తాయి. ఈ ఆటలోకి గృహ వ్యవస్థ 2017 ఫిబ్రవరిలో హోమ్‌స్టెడ్ నవీకరణతో వచ్చింది. సత్రపు గదికి 15, చిన్న ఇంటికి 100, మధ్యస్థానికి 200, పెద్ద ఇంటికి 300, అన్నిటికంటే పైతరగతి భవనాలకు 350 సాధారణ వస్తువులు పెట్టుకోవచ్చు. ఈఎస్ఓ ప్లస్ అనే ఈ ఆట చందా ఉన్నవారికి ఇవన్నీ రెట్టింపవుతాయి. చందా ఆపేస్తే పెట్టిన వస్తువులు మాయం కావు. కానీ పాత పరిమితికి దిగేవరకు కొత్తది ఒక్కటీ పెట్టనివ్వదు. అందువల్ల ఒక నెల చందా కట్టి 400 పెట్టేసి ఊరుకోవడం అనే ఉపాయం పనిచేస్తుంది కానీ, ఆ తరువాత మీరు ఒక చెంబును మార్చాలన్నా ముందు రెండు వందలకు పైగా తీసేయాలి. మార్పులు చేస్తూ ఉండడమే ఇష్టమైనవారికి అది చేతులు కట్టుకున్నట్టే.

ఒక మాట పక్కగా: ఈ ఆట పీసీలో విడుదలైన తేదీ 2014 ఏప్రిల్ 4. మన తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. ఏటా ఆ రోజున మా గిల్డ్‌లో, అంటే ఆటలో మా బృందంలో, రెండు పుట్టినరోజులూ కలిపి చేస్తాం.

రేణిగుంట జంక్షన్ (రేణిగుంట)

నా సలహా సూటిగా ఉంటుంది: చందా కట్టండి. 200 వస్తువులతో తొట్టి ఇల్లు కట్టడమంటే చారెడు బియ్యంతో ఊరికి వడ్డించడం. నేను ఫైనల్ ఫాంటసీ 14 అనే ఇంకొక ఆన్‌లైన్ ఆట కూడా ఆడతాను. అక్కడ స్థలం దొరకడమే గగనం. ఒక్కో వార్డులో 60 ఇళ్ళ స్థలాలే ఉంటాయి, 2022 నుంచి వాటిని లాటరీ వేసి ఇస్తున్నారు, 45 రోజులు ఇంట్లో అడుగు పెట్టకపోతే ఇల్లు కూల్చివేతకు గురవుతుంది. దానితో పోలిస్తే ఈ ఆటలో మీ ఇల్లు ఎప్పటికీ మీదే. అలాంటి ఇంటి మీద కొంత ఖర్చు పెట్టడంలో తప్పులేదు. అసలు రెడ్‌గార్డ్ శైలి కమానులు, మిద్దెలు ఉన్న ఇల్లు చేతిలో ఉన్నప్పుడు పల్లెటూరి పెంకుటింటికి బదులు చంద్రగిరి రాజమహల్‌నే కట్టవచ్చు కదా? చూడడానికి వచ్చేవారు కూడా మెచ్చుకుంటారు.

మేస్త్రి గారి అబ్బాయి (చిత్తూరు)

రాజమహల్ సంగతి తరువాత చూద్దాం. దాన్ని కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, తొట్టి ఇల్లు దూలం మీద నిలబడేది, ఒకదాని సామగ్రి రెండోదానికి పనికిరాదు.

మా నాన్న చిత్తూరు చుట్టుపక్కల నలభై ఏళ్ళు మేస్త్రి పని చేశారు. ఆయన కట్టిన పెంకుటిళ్ళ కంటే మిద్దెల కోసం పడగొట్టిన పెంకుటిళ్ళే ఎక్కువ, అందువల్ల వాటి లోపల ఏముండేదో మా ఇంట్లో అందరికీ బాగా తెలుసు. వేపచెట్టు నీడ గారూ, మీ అవ్వగారి ఇంట్లో ఎన్ని కుర్చీలు ఉండేవో ఒకసారి అమ్మగారిని అడగండి. ఒకటో రెండో అంటారు, అవి కూడా ఊరికి ఎవరైనా ఆఫీసరు వస్తే బయటికి తీసేవి. ఆ ఇళ్ళలో సామాను గోడలోను, కప్పులోను, నేలలోను కలిసిపోయి ఉండేది. కూర్చోవడానికి తిన్నె, దీపం పెట్టడానికి గోడలో గూడు, పెరుగు దాచడానికి ఉట్టి, పాత సామానుకు అటక, ధాన్యానికి గరిసె, పడుకోవడానికి చాప. తెల్లవారగానే చాప చుట్టి మూలన నిలబెడితే గది ఖాళీ అయిపోయేది. పగలు చెనక్కాయలు ఒలిచే చోటే రాత్రి పడక పడేది.

మీరు 140 వస్తువులను ఇంట్లో పెట్టడానికి ఖర్చు చేసి, 60 వస్తువులతో ఇల్లు కట్టాలని చూస్తున్నారు. ఆ లెక్కను తిరగవేయండి. కట్టడానికి 140, పెట్టడానికి 60. చందా అవసరం లేదు.

వేపచెట్టు నీడ

అమ్మను అడిగాను. కుర్చీ ఒక్కటే, అది కూడా తాత కచేరీకి తీసుకెళ్ళేదట! మిగిలినవి చెప్పమంటే ఫోనులోనే లెక్కపెట్టింది: రెండు నులకమంచాలు, ఒక ఉయ్యాల బల్ల, రోలు, ఇసుర్రాయి, నీళ్ళ కాగు, కుండల దొంతి, ట్రంకు పెట్టె, తులసికోట, దేవుడి పటాలు. ఇరవై దాటలేదు. అదీ నలుగురు పిల్లలున్న ఇల్లు.

నేను పెట్టిన 140నూ ఈ రోజే తీసేశాను. ఖాళీ ఆవరణ చూస్తే కొంచెం భయంగానే ఉంది. ఇప్పుడు కప్పు గురించి చెప్పండి.

గోదారి గట్టు (తిరుపతి, సొంతూరు అమలాపురం వైపు)

మీరు తొట్టి ఇల్లు అంటున్నది మా వైపు మండువా లోగిలి. ఇరవై ఏళ్ళుగా తిరుపతిలో ఉంటున్నా నాకు ఆ మాటే నోట్లో నానుతుంది, క్షమించండి. రెండేళ్ళ క్రితం నేను ఇదే ఆటలో మండువా కట్టి ఒక పొరపాటు చేశాను: ఇంటి లోపలి భాగంలో కట్టాను. ఈ ఆటలో చాలా ఇళ్ళకు లోపల, బయట అని రెండు భాగాలు ఉంటాయి, తలుపు తీసినప్పుడు ఒకటి నుంచి రెండోదానికి మారతాం. లోపలి భాగంలో వెలుగు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఎంత అందంగా కట్టినా నా మండువాలో పొద్దు పొడవలేదు, పొద్దు గుంకలేదు. నెల రోజులు పనిచేసి పెట్టిన ఇంటిని విప్పి మళ్ళీ ఆరుబయట కట్టాను. పగలు, రాత్రి మారే చోట కట్టినప్పుడే నడిమి ఖాళీకి అర్థం వచ్చింది. మీకు ఆవరణ ఉంది కనుక మొదటి నుంచీ బయటనే కట్టండి. లోపల పెట్టినా బయట పెట్టినా వస్తువుల లెక్క మాత్రం ఒక్కటే.

దీపాల విషయంలో కూడా ఒక హెచ్చరిక. అలంకరించేవారందరికీ దీపాల పిచ్చి ఉంటుంది, నాకూ ఉండేది. పాత ఇంట్లో వెలుగు నడిమి నుంచి లోపలికి వెళ్ళేకొద్దీ తగ్గిపోయేది, చివరి గదిలో పట్టపగలు కూడా దీపం కావలసి వచ్చేది. అన్ని గదులనూ ఒకే రకంగా వెలిగిస్తే తొట్టి ఎందుకున్నట్టు?

మేస్త్రి గారి అబ్బాయి

కప్పు గురించి అడిగారు కనుక విడమరిచి చెబుతాను, ఇక్కడ తప్పితే వస్తువులన్నీ దీనికే పోతాయి.

తొట్టి ఇంటికి కప్పు నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలి ఉంటుంది, వాన నీరు తొట్టిలోకి జారుతుంది. మనిషి తొట్టిలో నిలబడినప్పుడు లోపలి వాలు పై భాగం కనిపిస్తుంది. వసారాలో నిలబడినప్పుడు అదే వాలు కింది భాగం కనిపిస్తుంది. బయటి వాలు వీధి వైపు తప్ప ఇంకెక్కడి నుంచీ ఎవరికీ కనిపించదు. కాబట్టి లోపలి నాలుగు వాలులు, వీధి వైపు ఒక వాలు, ఈ ఐదే కట్టండి. మిగిలిన మూడు బయటి వాలులను వదిలేయండి. ఎవరైనా గాలిలోకి ఎగిరి చూస్తే తప్ప ఆ లోటు తెలియదు.

ఒక్కో వాలుకు పెద్ద చెక్క పలకలను ముప్పై డిగ్రీల దాకా వంచి, ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కేటట్టు పరచాలి. మన నాటు పెంకు కూడా అలాగే ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటుంది, కనుక ఆ మెట్లు మెట్లుగా కనిపించడమే అందం. రెండు వాలులు కలిసే మూలలో పలకలను కోయడానికి ఈ ఆటలో వీలులేదు, ఒకదానిలోకి ఒకటి గుచ్చేయాలి. అలా గుచ్చినప్పుడు రెండు ఉపరితలాలు సరిగ్గా ఒకే తలంలో పడితే తెర మీద ఆ చోటు మినుకుమినుకుమంటుంది. ఒక పలకను వెంట్రుకవాసి పైకి లేపితే ఆగిపోతుంది. ఆ గుచ్చిన గీతను దాచడానికి మూల వాసం ఒకటి అడ్డంగా పెట్టండి. నిజం ఇంట్లో కూడా అక్కడ మూల వాసం ఉంటుంది కనుక అది దాపరికంలా కనిపించదు.

పలకలు తయారు చేసుకోవాలంటే హార్ట్‌వుడ్ అనే ఆటలోని కలప చాలా కావాలి. చెట్టు మొద్దులు కోసేటప్పుడు అప్పుడప్పుడు మాత్రమే దొరుకుతుంది. ఓపిక లేకపోతే గిల్డ్ వ్యాపారుల దగ్గర ఆటలోని బంగారం పెట్టి కొనుక్కోవడమే. ఓపిక ఉన్నవారు కోసుకోవడమే మేలని నా అభిప్రాయం. కప్పు వేయడానికి ముందు కలప కోసం తిరగడం మా నాన్న కాలంలోనూ ఉన్నదే.

వేపచెట్టు నీడ

పది రోజుల తరువాత వస్తున్నాను. స్తంభాలు నిలిపాను, రెండు వాలులు కట్టాను, ఆ తరువాత చేతులెత్తేశాను. అమ్మ చెప్పిన కొలతలకు అంగుళం తేడా లేకుండా కట్టాను: తొట్టి పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, వసారా దూలం ఏడడుగుల ఎత్తు, వీధి తలుపు ఆరడుగులకు కొంచెం తక్కువ. కొలతలన్నీ నిజమే, కానీ లోపలికి అడుగు పెడితే పిచ్చుకగూడులా ఉంది. కెమెరా దూలానికి తగిలి నా పాత్ర (ఆటలో నేను నడిపించే మనిషి) వీపు తప్ప తెర మీద ఏమీ కనిపించడం లేదు. ఎక్కడ తప్పు జరిగింది?

స్వర్ణముఖి

తప్పు మీది కాదు, అమ్మగారిదీ కాదు. ఈ తరహా ఆటల్లో మనం పాత్ర కళ్ళతో చూడం. పాత్రకు వెనుక, కొంచెం పైన ఉండే కెమెరాతో చూస్తాం. ఆ కెమెరాకు కూడా చోటు కావాలి కనుక ఆట రూపకర్తలు తలుపులను, కప్పులను మనిషికి కావలసిన దాని కంటే పెద్దవిగా కడతారు. ఆటలోని ఏ సత్రంలోకైనా వెళ్ళి తలుపు కింద నిలబడి చూడండి, మీ తల పైన ఇంకొక మనిషి నిలబడేంత ఖాళీ ఉంటుంది. అలవాటు పడిపోయి మనకు అది తెలియదు.

నేను పాటించే లెక్క ఇది: అడ్డం, పొడవు, కప్పు ఎత్తు ఒకటిన్నర రెట్లు చేస్తాను. మీ తొట్టి పదిహేను అడుగులు, పన్నెండు అడుగులు అవుతుంది. తిన్నె ఎత్తును, గూటి ఎత్తును, రోలును మాత్రం పెంచను, పాత్ర వాటి పక్కన నిలబడినప్పుడు, కూర్చున్నప్పుడు పోలిక తెలిసిపోతుంది. అన్నిటినీ కలిపి పెంచితే పాత్ర మరుగుజ్జులా కనిపిస్తుంది. ఈ ఆటలో వస్తువును పెద్దది, చిన్నది చేసే వీలు లేదన్నది గుర్తుంచుకోండి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఇంకొక ఆట గృహ వ్యవస్థలో ఆ వీలు ఉంది. ఇక్కడ పొడవాటి స్తంభాన్ని పొట్టిగా చూపించాలంటే నేలలోకి దించేయాలి, అంతే.

రేణిగుంట జంక్షన్

వీధి తలుపును మాత్రం పెంచవద్దని నేను అడుగుతాను. మీరే మొదట ఆరడుగులకు తక్కువ అని రాశారు. ఆ ఇళ్ళలోకి తల వంచకుండా ఎవరూ వెళ్ళలేదు. వచ్చినవారిని పాత్ర కళ్ళతో చూసే విధానానికి మారి లోపలికి రమ్మని ముందే చెప్పండి. తలుపు దూలం నుదుటి మీదుగా దాటిపోతున్నట్టు అనిపించిన మరుక్షణంలో పైన ఆకాశం తెరుచుకుంటుంది. నేను రాజమహల్ అన్నాను కానీ, ఇది ఆ రాజమహల్‌కు లేని సొగసు అని ఒప్పుకుంటున్నాను.

అయితే ఒక అభ్యంతరం మిగిలే ఉంది. మేస్త్రి గారి అబ్బాయి చెప్పినట్టు గదులన్నీ ఖాళీగా ఉంచితే చూసేవారికి అది పాడుబడ్డ ఇల్లులా ఉంటుంది. నిజం ఇంట్లో మనుషులు తిరుగుతారు, పొగ వస్తుంది, కోడి అరుస్తుంది. ఆటలో ఇవేవీ వాటంతట అవి రావు. సామాను లేని గదిలో ఆ లోటును దేనితో పూడుస్తారు?

పలమనేరు కుండ (పలమనేరు)

వాడకంతో పూడ్చాలి. గది నిండా సామాను ఉంటే మనుషులు ఉన్నట్టు కాదు, ఉన్న ఒక్క వస్తువు ఇప్పుడే ఎవరో వాడి పక్కన పెట్టినట్టు ఉండాలి. ఇసుర్రాయిని గోడ వారగా అందంగా పెట్టకండి, వసారా అంచున వంకరగా పెట్టి పక్కన ఒక చాట, ఒక సంచి ధాన్యం ఉంచండి. ఎవరో విసురుతూ లేచి వెళ్ళారని చూసినవారు అనుకుంటారు. చుట్టిన చాప ఒకటి మూలన చాలు. ఆటలో దొరికే చిన్న తివాచీ చుట్టను నిలువుగా తిప్పి నిలబెడితే సరిపోతుంది.

మాది కుండలు చేసే ఊరు కనుక దొంతి గురించి చెప్పే హక్కు నాకుందనుకుంటాను. అలంకరించేవారు కుండలను వరసగా అంగడిలో పెట్టినట్టు పెడతారు. ఇంట్లో కుండ వరసలో ఉండదు, ఒకదాని మీద ఒకటి, కింద బాన, పైకి పోయేకొద్దీ చిన్నవి, చివరన మూకుడు. ఆటలో ఒకే పరిమాణం కుండలు దొరికినా ఒకదాని మూతిలోకి ఇంకొకదాన్ని సగం దించితే పైది చిన్నదిగా కనిపిస్తుంది. నాలుగు కుండలతో ఒక దొంతి తయారవుతుంది. నిగనిగలాడే పింగాణీ జాడీల జోలికి పోవద్దు. మట్టి రంగు ఒకేలా ఉండకుండా ఒక కుండ అడుగు పొయ్యి మసితో నల్లగా ఉన్నది ఎంచుకోండి.

కసిం నలుపు (శ్రీకాళహస్తి)

గోడల గురించి ఎవరూ మాట్లాడలేదు. సున్నం గోడకు కింద అడుగున్నర మేర జాజు (ఎర్రమన్ను) పట్టీ లేకపోతే అది మన వైపు ఇల్లే కాదు. ఈ ఆటలో గోడకు మనకు కావలసిన రంగు పూసే వీలు లేదు, మన బొమ్మలు ఎక్కించే వీలూ లేదు. ఇటుక రంగు తివాచీని నిలువుగా తిప్పి, గోడలోకి దించి, కింద ఒక పట్టీ మాత్రమే బయటికి కనిపించేలా వదిలితే జాజు పూసినట్టే ఉంటుంది. ఇల్లంతా చుట్టాలంటే నలభై తివాచీలు పోతాయి కనుక వీధి గోడకు, తొట్టి చుట్టూ ఉన్న గోడకు మాత్రం చేయండి.

నడిమి గది తలుపుకు తెర కట్టాలనుకుంటే ఒక మాట. మా ఇంట్లో కలంకారీ పని ఉంది. చాలామంది ఆటలో తెల్లని గుడ్డ మీద నీలం పూలున్న తెరను చూసి అదే కలంకారీ అనుకుంటారు. మా గుడ్డ తెల్లగా ఉండదు. కరక్కాయ కషాయంలో, గేదెపాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డకు లేత గోధుమ వన్నె వస్తుంది. దాని మీద గీతలు కసింతో గీస్తాం. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళు కలిపి రోజుల తరబడి పులియబెడితే వచ్చే నలుపు అది. పటిక పూసిన చోట ఎరుపు పట్టుకుంటుంది. కాబట్టి నల్లని గీతలు, మాసిన ఎరుపు, పాత కాగితం రంగు నేల ఉన్న తెరను వెతకండి. దూరం నుంచి చూసినప్పుడు రంగులు కుదిరితే చాలు, బొమ్మ ఏమిటన్నది ఎవరూ పట్టించుకోరు.

వేపచెట్టు నీడ

శనివారం అమ్మ తిరుపతికి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో చూపించాను. కప్పు పూర్తయింది, జాజు పట్టీ పడింది, దొంతి నిలబడింది. మెచ్చుకుంటుందని ఎదురు చూశాను. ఆవిడ కాసేపు చూసి, "పొయ్యి ఈశాన్యంలో ఎందుకు పెట్టావు?" అంది.

ఆటలో దిక్సూచి తెర మీదే ఉంటుంది, నేను ఒక్కసారి కూడా చూడలేదు. మా ఇల్లు తూర్పు ముఖం. ఆటలో ఆవరణ గేటు ఉత్తరానికి ఉంది కనుక వీధి వాకిలిని అటు పెట్టి, మిగిలినవన్నీ దాన్ని బట్టి అమర్చుకున్నాను. దాంతో ఆగ్నేయంలో ఉండవలసిన వంటిల్లు ఈశాన్యానికి వచ్చి కూర్చుంది. పొయ్యిని ఒక్కదాన్నే ఆగ్నేయానికి మార్చి చూపిస్తే అమ్మ అదీ ఒప్పుకోలేదు. వాకిలి దాటగానే ఎడమ చేతి వైపు వంటిల్లు ఉండేదట. ఇప్పుడు అది ఇంటి వెనుక మూలకు పోయింది. వచ్చినవారికి మజ్జిగ ఇవ్వడానికి అవ్వ ఇల్లంతా దాటి రావాలా అని అడిగింది. ఇంకొక సంగతి కూడా చెప్పింది: గడప నేలకు అంటుకుపోయి ఉందని, తెలియనివాడి కాలికి తగిలేంత ఎత్తు ఉండేదని.

190 వస్తువులను ఒక్కొక్కటిగా తొంభై డిగ్రీలు తిప్పాలా? ఆ మాట తలచుకుంటేనే ఓపిక చచ్చిపోతోంది.

స్వర్ణముఖి

ఒక్కొక్కటిగా తిప్పనక్కరలేదు. ఆటలోనే వస్తువులను ఒకదానికొకటి ముడివేసే సదుపాయం ఉంది. ఒక స్తంభాన్ని అన్నిటికీ పెద్దదిక్కుగా పెట్టుకొని మిగిలినవాటిని దానికి ముడివేస్తే, అది తిరిగినప్పుడు అన్నీ దానితోపాటు తిరుగుతాయి. వాలుకు ఒక ముడి, వంటింటికి ఒక ముడి, తిన్నెలకు ఒక ముడి అని విడదీసుకోండి, అన్నీ కలిపి ఒకే ముడి వేస్తే తరువాత ఒక చెంబును జరపడానికి కూడా చిక్కు విప్పాలి. పీసీలో ఆడుతున్నారు కనుక ఎసెన్షియల్ హౌసింగ్ టూల్స్ అనే యాడ్-ఆన్ (ఆటకు విడిగా చేర్చుకునే ఉపకరణం) పెట్టుకుంటే గుంపుగా ఎంచుకొని తిప్పడం ఇంకా సులువు. తిప్పే ముందు ఆవరణలో తూర్పు వైపు ఎంత చోటుందో కొలుచుకోండి.

మేస్త్రి గారి అబ్బాయి

కాగితం మీద గీసి చూసుకున్నాకే తిప్పండి. వాకిలి తూర్పుకు మారితే గేటు నుంచి వచ్చేవారు ఇంటి పక్క గోడను ముందు చూస్తారు. అది నష్టం కాదు, మా చిత్తూరు వీధుల్లో సగం ఇళ్ళు అలాగే ఉంటాయి, సందు తిరిగితే గానీ వాకిలి రాదు. కాకపోతే ఆ పక్క గోడకు కూడా ఇప్పుడు జాజు పట్టీ కావాలి. వెనుక గోడకు వేసిన తివాచీలను ఊడదీసి ఇటు వేయండి.

అమ్మగారి మజ్జిగ మాట మా నాన్నకు చెప్పాను. ఇల్లు గీసేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న అదేనన్నారు.

గోదారి గట్టు

మా మండువాలో వంటిల్లు వెనుకే ఉండేది, మజ్జిగ ఆలస్యంగానే వచ్చేది. ఊరికే చెప్పాను. మీ దిక్కులు మార్చకండి.

వేపచెట్టు నీడ

మూడు వారాలు పట్టింది, పూర్తయింది. తూర్పు వాకిలి, కాలికి తగిలే గడప, ఎడమ చేతి వైపు వంటిల్లు. ఇదే పని మొదలు పెట్టేవారికి ఉపయోగపడుతుందని లెక్క రాస్తున్నాను. కప్పుకు 62 వస్తువులు పోయాయి, స్తంభాలకు, దూలాలకు 24, తిన్నెలు, మెట్లు, గడప కలిపి 18, తొట్టి రాతి అంచుకు 16, జాజు పట్టీలకు 14. అంటే కట్టడానికే 134. వంటింట్లో 21, అందులో సగం కుండలు. పెరట్లో తులసికోటతో కలిపి 17. ఉయ్యాల బల్ల, నులకమంచాలు, ట్రంకు పెట్టె, తెర, చాప అన్నీ చేరినా పడసాలలో 13 మాత్రమే. దీపాలు తొమ్మిది, వాటిలో ఐదు గూళ్ళలో ఉన్నాయి, తొట్టిలో ఒక్కటీ లేదు. మొత్తం 194. చందా కట్టలేదు.

మిగిలిన ఆరింటి కోసం ఇంట్లో ఇంకా వాదన నడుస్తోంది. ఉట్టికి మూడు కావాలి, తాడు, కుండ, దాని మూత. నేను పడసాలలో కడతానంటే, పిల్లులు దూకేది అక్కడికేనని, ఉట్టి వంటింట్లోనే ఉండేదని అమ్మ అంటోంది. మామకు ఫోను చేస్తే వాకిట్లో వేపచెట్టు ఎక్కడని అడిగాడు. ఎడారి నగరంలో వేపచెట్టు దొరకదు. ఆకు కాస్త సన్నగా ఉన్న చెట్టు ఒకటి కొని, మొదలు సగం నేలలోకి దించి నాటాను. కొమ్మలు కప్పు మీదికి ఒరిగాయి. ఇంకా ఇద్దరు అత్తలు చూడలేదు కనుక మిగిలిన రెండూ ఖాళీగానే ఉంచాను.

ఆదివారం రాత్రి తొమ్మిది గంటలకు ఇల్లు అందరికీ తెరిచి ఉంటుంది. గేటు దగ్గర నుంచి సందులోకి తిరగండి, తలుపు ముందు పాత్ర కళ్ళతో చూసే విధానానికి మారండి.

రేణిగుంట జంక్షన్

వస్తాను. ఆదివారం డ్యూటీ ఎనిమిదిన్నరకు దిగుతాను, పది నిమిషాలు ఆలస్యమైతే తలుపు వేసేయకండి.